గోడ లోపలి ఉరుము

గనులు మూతపడి ఏడెనిమిదేళ్లయిన ఏడాది, ఏప్రిల్ నెలలో, మా కంపెనీ నన్ను కోలార్ బంగారు గనుల ఊరికి పంపింది. అక్కడి కోరమండల్ పేటలో ఒక ఇంటికి హోమ్ థియేటర్ అమర్చాలి. స్పీకర్లన్నీ గోడ లోపలే ఉండాలి, బయటికి ఒక్క తీగ కూడా కనిపించకూడదు అని ఇంటి యజమాని షరతు. అప్పటికి నేను బెంగళూరులో ఈ పనులు చేసే కంపెనీలో ఇన్‌స్టలేషన్ సూపర్‌వైజర్‌ని. పేరు పెద్దదే గానీ గోడ కొలిచేదీ, తీగ లాగేదీ, స్పీకర్ బిగించేదీ, చివరికి యజమాని సంతకం తీసుకునేదీ నేనే. నా పైన సర్వీస్ మేనేజర్ ఉండేవాడు. నా కింద మాత్రం ఏ ఊరికి వెళ్తే ఆ ఊళ్లో కుదుర్చుకున్న మేస్త్రీ తప్ప ఎవరూ ఉండేవారు కారు.

ఆ ఊరు నాకు కొత్త కాదు. గనులు నడిచినన్నాళ్లూ నేను అక్కడే టెలిఫోన్ మెకానిక్‌ని. భూమి లోపల ఒక్కో లోతులో ఒక్కో అంతస్తు ఉండేది, దాన్ని లెవెల్ అనేవారు. ప్రతి లెవెల్‌లోనూ ఒక టెలిఫోను. వాటన్నిటి తీగలూ పైన షాఫ్టు దగ్గరున్న చిన్న గదిలోకి వచ్చేవి. షాఫ్టు అంటే మనుషుల్నీ రాతినీ పైకీ కిందికీ మోసే నిలువు బావి. ఆ గదిలో కూర్చుని తీగలు చూసుకోవడం నా ఉద్యోగం. అందుకే ఆ చుట్టుపక్కల నన్ను అందరూ టెలిఫోన్ శామ్యేలు అనేవారు. గని పోయాక నాకు తెలిసిన తీగల విద్యే నన్ను స్పీకర్ల పనిలోకి తెచ్చింది.

ఆ పనికి వెళ్లేటప్పుడు నా మనసు నిలకడగా లేదు. అంతకు ముందు బెంగళూరులో నేను అమర్చిన ఒక థియేటర్లో తేనెటీగ ఝుమ్మన్నట్టు ఎడతెగని మోత వచ్చింది. ఎర్త్ తీగ సరిగ్గా కలపకపోవడం నా పొరపాటే. ఇంకొక్క ఫిర్యాదు వస్తే తన చేతుల్లో ఏమీ ఉండదని మేనేజర్ మర్యాదగానే చెప్పాడు. యాభైకి దగ్గర పడిన మనిషికి ఆ మర్యాద ఎలా వినిపిస్తుందో చెప్పనక్కర్లేదు.

గోడలో పెట్టే స్పీకర్ల గురించి కొంచెం చెప్పాలి. అవి పుట్టిన దేశాల్లో ఇంటి గోడలు బోలుగా ఉంటాయి. కర్ర చట్రానికి అటూ ఇటూ పలకలు కొట్టిన గోడలవి. పలకను కోసి, స్పీకర్‌ను దూర్చి, మరలు తిప్పితే లోపలి కొక్కేలు పలకను పట్టుకుంటాయి. మన గోడలు అలా కావు. ఇటుక గోడనైతే ఉలితో తొలిచి, చెక్కపెట్టె కూర్చి, దాని ముందు స్పీకర్ బిగిస్తాం. వెనక మూసిన పెట్టె లేకపోతే శబ్దం మొద్దుబారుతుంది, గోడ అవతలి గదిలోకీ పోతుంది. తొలవడానికి వీల్లేని పాత గోడ ఎదురైతే దాని ముందు చట్రం నిలబెట్టి, జిప్సం పలకలతో ఇంకో గోడ కట్టి, స్పీకర్లన్నీ ఆ కొత్త గోడలో దాచేస్తాం. మధ్య ఖాళీలో శబ్దాన్ని పీల్చే గాజునూలు కూరుతాం. పైన జాలీ పెట్టి గోడ రంగే వేస్తే స్పీకర్ ఎక్కడుందో ఇంట్లోవాళ్లే వెతుక్కోవాలి.

కోరమండల్‌లో ఉన్నవి ఆ రెండో రకం గోడలు. అవి కార్మికుల కోసం కట్టిన లైన్ ఇళ్లు. పది ఇళ్లు ఒకే వరస, ఒకే రేకుల కప్పు, పక్కపక్క ఇళ్లకు మధ్య ఒకటే గోడ. కప్పును మోసే దూలం ఈ చివర నుంచి ఆ చివరిదాకా సాగి ఉంటుంది. నా యజమాని ప్రభాకర్ అక్కడే పుట్టి, బెంగళూరులో క్యాంటీన్ కాంట్రాక్టులు చేసి నిలదొక్కుకున్నవాడు. తన తల్లి ఇంటి పక్కనున్న రెండు ఇళ్లూ తీసుకుని, మధ్య గోడ కొట్టించి ఒకటి చేశాడు. తల్లి మార్తమ్మ మాత్రం తన పాత ఇంట్లోనే ఉండేది. కొత్త ఇంట్లో ప్రార్థన జరిగేదాకా అందులో పడుకోనని ఆమె పట్టు. ఆ ప్రార్థన ఆదివారం సాయంత్రం. పాస్టరుగారు వస్తారు, నంగలి నుంచి బంధువులు వస్తారు. ఆ వేళకు థియేటర్ పాడాలని ప్రభాకర్ మాట.

మార్తమ్మకు అప్పటికి డెబ్బై దాటాయి. చక్కెర జబ్బు, మోకాళ్ల నొప్పులు. భర్త భూమి లోపల రాయి తొలిచే డ్రిల్లర్‌గా చేసి, పింఛను తీసుకున్న కొన్నాళ్లకు ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. రోజూ పదింటికి ఆమె కాఫీ తెచ్చి, మా పని చూస్తూ గడప మీద కూర్చునేది.

"గోడలో పెట్టి పైన సున్నం కొట్టేస్తే అది నోరు యాడ తెరుస్తాదప్పా?" అని అడిగింది మొదటి రోజు.

జాలీ చూపించి, చిల్లుల్లోంచి శబ్దం వస్తుందని చెప్పాను.

"మా ఆయన బతికినన్నాళ్లూ రాతిగోడకి చెవి ఆనించి పని చేసినాడు. నా కొడుకు గోడకి నోరు పెట్టిస్తా ఉండాడు. ఏమి కాలమో!"

పక్కింటి కుప్పమ్మ కూడా వచ్చి నిలబడేది. ఆమెది తమిళ కుటుంబం. మూడు భాషలు కలిపి మాట్లాడేది, మూడింటిలోనూ ఎగతాళే. "శామ్యేలప్పా, అప్పుడు భూమిలో ఫోను పెట్టినావు. ఇప్పుడు గోడలో రేడియో పెడతా ఉండావు. నీకు ఏదైనా బయట పెట్టే అలవాటే లేదా?" అంది. మేస్త్రీ మునిరత్నం బేతమంగళలో సేద్యం కూడా చేసేవాడు. ఆ మాటకు నవ్వి నవ్వి తాపీ కింద పెట్టేశాడు.

ఇక్కడ పాత రోజుల సంగతి ఒకటి చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. లోతున తవ్విన చోట రాతి మీద బరువు పెరిగి పెరిగి ఒక్కోసారి రాయి తనంతట తాను పేలిపోయేది. దాన్ని బర్స్టు అనేవారు. పైన ఇళ్లలో ముందు కాళ్ల కింద ఒక మూలుగు తెలిసేది, తర్వాత అటక మీద గిన్నెలు గలగలమనేవి, కప్పు రేకులు వణికేవి. అంతే, లైన్లలోని ఆడవాళ్లు పొయ్యి మీద ఏదుంటే అది దించేసి, ఇంట్లో ఉన్న కంబళి చంకన పెట్టుకుని షాఫ్టు గేటుకు నడిచేవారు. పైకి వచ్చిన మనిషికి కప్పడానికి ఆ కంబళి. ఎలా వచ్చినా కప్పాల్సిందే కదా. ఎవరూ ఏడ్చేవారు కారు, ఎవరూ పరిగెత్తేవారు కారు. గేటు దగ్గర నిలబడి నా గది కిటికీ వైపు చూసేవారు. కింద నుంచి పేర్లు మొదట నా ఫోనుకే వచ్చేవి. గని మేనేజరు సంతకం పెట్టేదాకా ఒక్క పేరు కూడా బయటికి పొక్కకూడదని ఉత్తర్వు. కాబట్టి ఎవరు అడిగినా "ఇంకా తెలీదమ్మా" అనేవాణ్ణి. తెలిసినప్పుడు కూడా అదే అనేవాణ్ణి. అది ఉద్యోగం. నేను బాగానే దాచానని చాలా ఏళ్లు అనుకున్నాను.

ఇక ఆదివారం మధ్యాహ్నానికి వస్తాను.

స్పీకర్లు ఆరు. తెర వెనక మూడు, వీపు వైపు గోడలో రెండు, అడుగు స్వరాలకు విడిగా ఒక పెద్ద బాస్ పెట్టె. ఈ బాస్ పెట్టె పలికే అతి తక్కువ స్వరం చెవికి దాదాపు వినపడదు. నేల కదిలినట్టు ఒంటికి తెలుస్తుంది. "ఇది కాళ్లతో వినే శబ్దం సార్" అని యజమానులకు గొప్పగా చెప్పేవాణ్ణి. ఆ పెట్టెను గోడలో పెట్టినప్పుడు చట్రానికి తగలకుండా చుట్టూ రబ్బరు దిమ్మలు పెట్టాలి. లేకపోతే అదురు చట్రంలోకి, చట్రంలోంచి ఇంట్లోకి పాకుతుంది. బెంగళూరు నుంచి వచ్చిన పార్శిల్లో ఆ దిమ్మలు లేవు.

"అన్నా, రబ్బర్లు లేకుండానే బిగిస్తామా?" అని మునిరత్నం అడిగాడు.

"బిగించు. వారంలో తెప్పించి వేస్తాను" అన్నాను. పైగా చట్రం ఊగకుండా దాని తలను కప్పు దూలానికి బోల్టులతో కట్టించాను. ఆ దూలం పది ఇళ్లదీ అని కళ్లతో చూస్తూనే కట్టించాను.

అప్పగింతకు ముందు చేసే చివరి పరీక్షను స్వీప్ అంటారు. అట్టడుగు స్వరం నుంచి పై స్వరం దాకా ఒకే ధ్వనిని మెల్లగా లేపుతూ పోతే ఎక్కడ ఏ మర వదులుగా ఉందో, ఏ పలక బురబురమంటోందో బయటపడుతుంది. దానికి ముందు ఇరుగుపొరుగుకు చెప్పి రావాలని మా కంపెనీ నియమం. నేను వెళ్లలేదు. కుప్పమ్మ గడపలో నిలబడితే అరగంట పోతుందని నాకు నేను సాకు చెప్పుకున్నాను. నిజానికి మనవాళ్లే కదా, చెప్పేదేముంది అన్న నిర్లక్ష్యం అది. ఊరి వాణ్ణి కాకపోయి ఉంటే వెళ్లేవాణ్ణేమో.

ప్రభాకర్ వీధి చివర షామియానా వాళ్లతో ఉన్నాడు. నేను తలుపులు మూసి స్వీప్ వేశాను. తెర పక్కన ఎక్కడో చిన్న గరగర వినిపించింది. ఎక్కడో దొరకలేదు. ధ్వని పెంచి మళ్లీ వేశాను. అప్పుడూ దొరకలేదు. సాయంత్రం అందరి ముందూ అదే మోగితే నా పని అయిపోయినట్టే. మూడోసారి ఇంకా పెంచి, అట్టడుగు స్వరం దగ్గర ఆపి పట్టాను. గరగర దొరికింది. తెర చట్రంలో ఒక మర. దాన్ని బిగించి ఊపిరి పీల్చుకున్నాను. ఆ తృప్తిలో తల పైన రేకులు వరసంతా సన్నగా వణికిన సంగతి వింటూనే విననట్టు ఉండిపోయాను.

తలుపు దబదబమని కొట్టారు. తీస్తే కుప్పమ్మ. ఎప్పుడూ ఉండే ఎగతాళి ఆ ముఖంలో లేదు.

"శామ్యేలప్పా, భూమి అదిరింది చూసినావా? మా అటక మీద బిందె దొర్లి కింద పడింది. మూడు సార్లు అదిరింది. నీకు తెలిసిందా లేదా?"

అప్పుడు నేను చెప్పాల్సింది ఒక్క ముక్క. నా పెట్టెనమ్మా, భయపడొద్దు అంటే సరిపోయేది. కానీ ఆ క్షణంలో నాకు కనిపించింది మేనేజరు ముఖం. పది ఇళ్లవాళ్లు కలిసి వచ్చి ప్రభాకర్‌తో గొడవ పడటం, అతను బెంగళూరుకు ఫోను చేయడం, అన్నీ ఒక్కసారిగా కనిపించాయి.

"ఊఁ" అన్నాను. అక్కడితో ఆగలేదు. "కింద సొరంగాల్లో నీళ్లు నిండినాయి కదమ్మా. అప్పుడప్పుడు అట్ల అదురుతాది" అన్నాను.

అది ఊళ్లో అందరూ చెప్పుకునే మాటే. అందుకే తేలిగ్గా అతికింది. కుప్పమ్మ వెనక్కి తిరిగి వరసంతా వినిపించేలా అరిచింది. "నేను చెప్పలే? టెలిఫోనాయన కూడా అదిరిందంటా ఉండాడు!" భూమి సంగతుల్లో నా మాటకు ఆ లైన్లో ఇంకా విలువ ఉందని నాకు అప్పుడే తెలిసింది. తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఆడవాళ్లు పిల్లల్ని పట్టుకుని బయటికి వచ్చారు. "ఇంగ షాఫ్టుకి పోదామా ఏమి?" అని ఎవరో అన్నారు. భయం కలిసిన నవ్వొకటి వీధిలో పాకింది. నేనూ నవ్వాను.

నవ్వుతూనే మార్తమ్మ ఇంటి వైపు చూశాను. తలుపు బార్లా తీసి ఉంది. చెప్పులు గడప దగ్గరే ఉన్నాయి. లోపల పొయ్యి మీంచి దించిన అన్నం గిన్నె నేల మీద ఉంది. మంచం మీద ఎప్పుడూ మడిచి ఉండే బూడిద రంగు కంబళి లేదు.

ప్రభాకర్ పరుగున వచ్చాడు. "మా అమ్మ యాడ?" అని అడిగాడు. ఎవరూ చూడలేదు. "మందు కూడా మింగినట్టు లేదు. ఎండ చూస్తే ఇట్ల ఉండాది. భయమైతే చర్చి కాడికే పోతాది. నేను ఆడ చూసి వస్తాను" అని బండి తీశాడు.

ఆమె చర్చికి పోలేదని నాకు తెలుసు. ఎక్కడికి పోయిందో కూడా తెలుసు. చెప్పాలంటే ఎందుకు పోయిందో చెప్పాలి. చెప్పలేదు. కొడుకు తప్పు దారిన వెళ్తుంటే చూస్తూ నిలబడ్డాను. ఆ రోజు నేను చేసిన వాటన్నిటిలో నన్ను ఇప్పటికీ వదలనిది ఇదే.

మునిరత్నం నా పక్కకు వచ్చి గొంతు తగ్గించి, "అన్నా, అదిరింది మన పెట్టే కదా?" అన్నాడు. నేను అతని మోపెడ్ తాళంచెవి అడిగాను.

మూతబడ్డ షాఫ్టుకు రెండు దారులు. ఒకటి తారు రోడ్డు, తెల్లటి మట్టి దిబ్బల చుట్టూ తిరిగి పోతుంది. రాతిలోంచి బంగారం తీసేశాక మిగిలిన పిండి ఆ దిబ్బలు. రెండోది లైన్ల వెనక నుంచి అడ్డంగా పోయే కాలిబాట. పాత రోజుల్లో ఆడవాళ్లు నడిచిందీ అదే. గని మూశాక ఆ బాట పక్క కంచె ఇనుమంతా ఎవరో పీక్కుపోయారు. కింద పాత తవ్వకాలు కూలి అక్కడక్కడ నేల కుంగింది. అంతకు ముందు వానాకాలం ఒక ఆవు అందులో పడితే పైకి తీయలేకపోయారని విన్నాను. మోపెడ్ ఆ బాటలో కొంత దూరమే పోయింది. తర్వాత దాన్ని అక్కడే వదిలి నడిచాను.

ఆమె మోకాళ్లు, ఆమె ఉత్తి పాదాలు, మధ్యాహ్నపు రాళ్లు, కంచె లేని ఆ గుంటలు తప్ప ఇంకేమీ నా తలలో లేవు. "అమ్మా" అని పిలుస్తూ నడిచాను. గాలికి దిబ్బల మీది తెల్లదుమ్ము లేచి కళ్లలో పడుతోంది. బాట మలుపు తిరిగిన చోట నేల వంకరగా కుంగి ఒక గొయ్యి ఉంది. దాని అంచున తుమ్మచెట్టు. ఆ ముళ్లకు బూడిద రంగు కంబళి వేలాడుతోంది.

గోతి అంచున బోర్లా పడుకుని లోపలికి పిలిచాను. నా గొంతే తిరిగి వచ్చింది. మట్టి పెళ్ల ఒకటి జారి కింద ఎక్కడో నీళ్లలో పడింది. నేను లేచి ఎంతసేపు అక్కడ నిలబడ్డానో తెలియదు. ఊళ్లోకి పోయి మనుషుల్ని పిలవాలా, గేటు దాకా చూసి రావాలా? చివరికి కంబళి ముళ్లలోంచి తీసి, అలవాటుగా మడిచి, చేతి మీద వేసుకుని ముందుకే నడిచాను.

గేటుకు తాళం, తాళానికి తుప్పు. లోపల షాఫ్టు మీది ఇనుప గోపురం అలాగే నిలబడి ఉంది. నా పాత గదికి కిటికీ లేదు, చదరపు కంత మిగిలింది. గేటు దిమ్మె నీడలో రాయి మీద మార్తమ్మ కూర్చుని ఉంది.

ఆమె కనిపించగానే నా ప్రాణం లేచి వచ్చింది. కానీ ఆమె ముఖంలోకి చూసే ధైర్యం లేక తల వంచుకునే దగ్గరికి వెళ్లాను. నాలుగడుగుల దూరంలో ఉండగా ఆమె లేచి నిలబడింది. గేటు ఊచలు పట్టుకుంది.

"ఎవురప్పా?" అంది.

నాకు అర్థం కాలేదు.

"ప్రభాకరా? ఆ కొత్త గోడ పడిందా వాని మీద?"

అప్పుడు నన్ను నేను చూసుకున్నాను. చేతి మీద మడిచిన కంబళి. వంచిన తల. నోట మాట లేదు. ఆ గేటు దగ్గర ఆ వాలకానికి ఉన్న అర్థం ఒక్కటే.

"ఎవురూ కాదమ్మా! ఎవురికీ ఏమీ కాలేదు. ప్రభాకర్ బాగుండాడు. మీకోసరం చర్చి కాడ వెతుకుతా ఉండాడు."

"నిజంగానా? అయితే తల ఏల ఎత్తవు?" ఆమె ఊచలు వదల్లేదు. "మా తమ్ముడు బర్స్టులో పోయిన దినం నువ్వు ఆ కిటికీలో కూర్చొని ఉండావు. ఇంకా తెలీదమ్మా అన్నావు. ఆ మాట అంటా తల ఎత్తలే. ఎవుని పేరు వచ్చి ఉంటే ఆ ఇంటామె వైపు నువ్వు చూడవు. లైన్లో అందరికీ తెలుసు అది. నువ్వు తల ఎత్తి తెలీదంటే మేము నమ్మి నిలబడేవాళ్లం. తల వంచి తెలీదంటే ఇంటికి పోయి పీనుగకి చాప సర్దేవాళ్లం. ఇప్పుడు కంబళి తెచ్చి తల వంచుకొని నిలబడితే నేనేమనుకోవాల?"

తల ఎత్తాను. ఆమె కళ్లలోకి చూసి చెప్పాను. భూమి కాదు, నా పెట్టె. రబ్బర్లు లేకుండా బిగించాను. చుట్టుపక్కల ఎవరికీ చెప్పకుండా మోగించాను. కుప్పమ్మ అడిగితే అబద్ధం చెప్పాను. మీరు ఇక్కడికే వచ్చి ఉంటారని తెలిసి కూడా మీ కొడుక్కి చెప్పలేదు.

ఆమె మెల్లగా రాయి మీద కూర్చుంది. పాదం తిప్పి చూసుకుంది. మడమ దగ్గర రాయి కోసి రక్తం ఎండి ఉంది. కంబళి ముళ్లకు తగులుకుంటే మోకాళ్లు వంగక వదిలేసి వచ్చానని తనే చెప్పింది. తర్వాత అంది, "గనులు మూసేసినారని నాకు తెలీదనుకోవద్దు. ఇంట్లో ఎవురూ కింద లేరనీ తెలుసు. నాకు తెలుసు గానీ కాళ్లకి తెలీలే. ఇక్కడికి వచ్చి తాళం చూసినాక నవ్వొచ్చింది. లేచి పోదామంటే కాళ్లు రాలే."

నేను క్షమించమని అడిగాను.

"గోడకి నోరు పెట్టినావు, సరే. నీ నోరు యాడ పెట్టినావప్పా?" అంది. మళ్లీ తనే, "నేను లైన్లో ఎవురికీ చెప్పను. నువ్వే చెప్పాల. ఒక్కొక్క వాకిలి కాడా నిలబడి చెప్పాల. చెప్తానంటేనే నీ బండి ఎక్కుతాను" అంది.

చెప్తానన్నాను. బాటలో వదిలిన మోపెడ్ దాకా పోయి, తారు రోడ్డు మీదుగా చుట్టి తెచ్చి, అదే దారిలో ఆమెను మెల్లగా తీసుకొచ్చాను.

ప్రభాకర్ అప్పటికే తిరిగి వచ్చి ఉన్నాడు. తల్లి పాదం కడిగి, మందు మింగించాక నేను అతనికి మొత్తం చెప్పాను. కోపం వస్తుందనుకున్నాను. "నేను బండి తీసేటప్పుడు నువ్వు నా ఎదురుగానే ఉండావు కదా. ఏల చెప్పలే?" అని మాత్రం అడిగాడు. తర్వాత మొదటి గడప నుంచి చివరి గడప దాకా వెళ్లి చెప్పాను. కొందరు తిట్టారు. ఒక ముసలాయన తలుపు వేసేసుకున్నాడు. కుప్పమ్మ నన్ను నిలబెట్టి అంతా విని, "టికెట్టు లేకుండా పది ఇండ్లకీ సినిమా చూపించినావు. ఇంగ సాయంత్రం ఆ బిందెకి పడిన సొట్ట నువ్వే తీసిపో" అంది. తీశాను.

బాస్ పెట్టె తీగ ఊడదీశాను. దూలానికి కట్టిన బోల్టులు మునిరత్నం విప్పాడు. సాయంత్రం ప్రార్థన మిగిలిన అయిదు స్పీకర్లతోనే జరిగింది. అప్పగింత కాగితం మీద సంతకం అడగలేదు. జరిగింది జరిగినట్టు రాసి నేనే మేనేజరుకు ఇచ్చాను. ఆరు నెలలు నన్ను గోడౌన్‌లో కూర్చోబెట్టారు. ఉద్యోగం పోలేదు. రబ్బరు దిమ్మలు వచ్చాక మళ్లీ వెళ్లి, చట్రాన్ని పాత గోడ నుంచీ దూలం నుంచీ విడదీసి, నేల మీద నిలబెట్టి కట్టాను. ఆ రోజు స్వీప్ వేసేటప్పుడు మార్తమ్మ తన ఇంట్లో గోడకు అరచేయి ఆనించి కూర్చుంది. ఏమీ తెలియలేదని కబురు పంపింది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది కొంచెమే. గోడలో స్పీకర్ పెట్టేముందు ఆ గోడ ఎవరెవరిదో కనుక్కోండి. బాస్ పెట్టెను ఇంటికి తగలనివ్వకండి. అట్టడుగు స్వరం మోగించే ముందు చుట్టుపక్కల ప్రతి ఇంటికీ మీరే వెళ్లి చెప్పండి, ఆ ఊరివాళ్ల కాళ్లకు ఏ శబ్దం తెలుసో మీకు తెలియదు. నాకు తెలుసు, అయినా వెళ్లలేదు. తర్వాత ఉద్యోగం మానేదాకా ఒక్క ఇల్లు కూడా వదల్లేదు. తలుపు తీసినవాళ్ల ముఖంలోకి చూసి, విషయం చెప్పి, వాళ్లు సరేనన్నాకే తిరిగి వచ్చేవాణ్ణి.